మానుకోటల నడువున్రి!

హెరిటేజ్ వాక్ అంటే చార్మినార్ నుంచి చౌమహల్లా దాకనేనా? మానుకోటకు చరిత్ర లేదా?

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు స్టేషన్ బోర్డుకెక్కింది. జనం నోట్ల మాత్రం ఇయ్యాల్టికీ మానుకోటే. నడక ఆ స్టేషన్ కాడనే మొదలుపెట్టాలె. 2010 మే 28న ఓదార్పు యాత్రను అడ్డుకోను వచ్చిన జనానికి చేతికందింది పట్టాల మీది కంకర. వాళ్ల మీదికి వచ్చినయి తూటాలు. ప్లాట్‌ఫాం మీద నిలబడి ఈ ముచ్చట చెప్పని గైడు మాకెందుకు?

ఆడికెళ్లి బస్సెక్కి కురవి పోవాలె. వీరభద్రుని జాతర అందరికెరుకే. కొరవి శాసనం ఎందరికెరుక? నన్నయ కంటే ముందటి తెలుగు వచనం అది! మా మాటను యాస అని ఎక్కిరించినోళ్లకు ముందు దాన్నే చదివిపియ్యాలె.

2016ల జిల్లా చేసిన్రు, సంతోషం. నెలకో ఆదివారం బడిపిల్లలను ఈ తొవ్వల నడిపిచ్చుటానికి ఎవల పర్మిషన్ కావాలె?