కోటయు సత్రమును

చరిత్ర పాఠమున మనకు రాజుల పేరులును యుద్ధముల తేదీలును కంఠస్థములగును. కాని యొక యూరి ప్రజలు ఎట్లు జీవించిరో తెలిసికొనవలెనన్న ఆ యూరి గోడలను చదువుట మేలని నా యభిప్రాయము. ఇందుకు నిదర్శనముగా ఐర్లండు దేశమున నోర్ నదీతీరమందున్న కిల్కెన్నీ పట్టణమును గైకొందము. 1609వ సంవత్సరమున మొదటి జేమ్సు రాజు దీనికి నగరమను గౌరవము నొసగెను. పరిమాణమునుబట్టి చూచిన నిది చిన్న పట్టణమే.

యాత్రికుల దృష్టి మొట్టమొదట కోటమీద బడును. నార్మను ప్రభువగు విలియం మార్షల్ 13వ శతాబ్దారంభమున దీనిని రాతితో గట్టించెను. నాలుగు మూలల నుండిన నాలుగు బురుజులలో నేడు మూడే మిగిలియున్నవి. 1391లో బట్లర్ వంశీయులు దీనిని కొని, ఇంచుమించు అయిదున్నర శతాబ్దము లేలుకొనిరి. 1935లో లోపలి సామానులు వేలమునకు వచ్చెను. 1967లో ఆ వంశపు ప్రభువు కేవలము 50 పౌనులకు కోటను పట్టణ ప్రజల కప్పగించెను.

“ఇట్టి కోటలు పరపాలనకు గుర్తులు గదా, వీనిని కాపాడనేల?” యని కొందరడుగుదురు. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. 1919 మొదలు 1923 వరకు ఐర్లండున జరిగిన పోరాటములలో ప్రభువుల మేడలు పెక్కులు దగ్ధమైనవి. ఆ కోపమునకు కారణములును లేకపోలేదు. అయినను ధనమిచ్చినవాడు ప్రభువు గాని, రాయి మోసినవాడును చెక్కినవాడును పనివాడే. ప్రభువు వెడలిపోయిన పిమ్మట ఆ కట్టడము పనివాని సంతతికి జెందుట న్యాయము. దానిని కాల్చిన, తాతల చేతిపనినే కాల్చినట్లగును.

కోటను విడిచి వీథిలోనికి నడచిన వర్తకుల వైభవము కానవచ్చును. జాన్ రోథ్ అను వర్తకుడు 1594 మొదలు 1610 వరకు ఒకదానివెనుక నొకటిగా మూడిండ్లు కట్టించెను. వీథివైపు రాతి కమానులు, వాని వెనుక అంగడి, పైన నివాసము. ఇండ్ల నడుమ ముంగిళ్లు, అన్నిటికి వెనుక తోట. వీథిలో నిలిచి చూచువానికి మాత్ర మొక్క యిల్లే కనబడును! 1962లో పట్టణపు పురాతత్త్వ సంఘము దీనిని కొని, బాగుచేయించి, 1966లో ప్రజలకు దెరచెను. ఆ సమీపమున, 1761లో విలియం కోల్స్ కట్టించిన థోల్సెల్ కలదు. సుంకము చెల్లించు చోటు అని ఆ పేరున కర్థము. దాని ముందరి కమానుల క్రింద నేటికిని బాటసారులు నడచుచుందురు. ఆ ప్రాంతపు రాయి నిజమునకు సున్నపురాయియే యైనను, మెరుగుపెట్టిన నల్లని చలువరాతివలె నిగనిగలాడును. అందు పూర్వకాలపు సముద్రజీవుల గుల్లలు తెల్లని మచ్చలుగా గనబడును.

ఇంతవరకు చెప్పినది కలవారి కథ. ఆ యూరి బీదలెక్కడ నుండిరి? 1582లో సర్ రిచర్డ్ షీ అను ధనికుడు వారికై యొక ధర్మసత్రము కట్టించెను. అది ఊరి నడిబొడ్డున, పెద్దవీథికి సమీపముననే నేటికిని నిలిచియున్నది. బీదవానిని కంటికెదుట నుంచుకొన్న కాలమది.

1842లో మఱియొక బీదల గృహము వెలసెను. దానిని వర్క్‌హౌస్ అనిరి. ఇంటిని వాకిలిని విడిచినవారే అందు చేరవలెను. భార్యాభర్తలను, తల్లిబిడ్డలను వేరుచేసి యుంచుచుండిరి. సుమారు 1,300 మందికై కట్టిన ఆ భవనమున, బంగాళాదుంప పంట చెడి మహాక్షామము ప్రబలినప్పుడు అంతకు మూడురెట్లు జనము క్రిక్కిరిసిరి. 1847 మొదలు 1851 వరకు చనిపోయినవారిని ఆ యావరణముననే పూడ్చిరి. ఊరు దానిని మఱచెను. 2005లో అంగళ్ల సముదాయము కట్టుటకై నేల పరీక్షింపగా ఆ గోతులు బయటపడినవి. త్రవ్విచూడగా తేలిన యస్థికలు 970 మందికి దక్కువ కావు. అందు సగమునకు పైగా పిల్లలవి. 2010లో వారిని మర్యాదగా మరల సమాధి చేసిరి.

ఆ పాతభవనము నేడు అంగళ్ల సముదాయమున నొక భాగము. ఇది తగునా యని మనసు కలుక్కుమనక మానదు. ఆలోచింపగా నాకు దోచిన దిది: వాడుకలోనున్న యింటికే కప్పు నిలుచును, కావున అంగడి పెట్టుట తప్పుకాదు. కాని అచట వస్తువు కొని బయటికి వచ్చు బాలునికి ఆ గోడల కథ చెప్పువారు లేకున్న, అది తప్పే.

కోటను మాత్రమే కాపాడు పట్టణము సగము చరిత్రనే చెప్పుచున్నది. సగము చెప్పిన సత్యము అసత్యమునకు దగ్గర. కిల్కెన్నీలో ప్రభువు కోటయు, వర్తకుని యిల్లును, బీదల సత్రమును, క్షామకాలపు గోడలును నాలుగును నిలిచియున్నవి గనుకనే ఆ యూరి సాక్ష్యమును నమ్మవచ్చును. విద్యార్థులారా! మీరు ఏ యూరికి బోయినను కోటను జూచి సంతోషింపుడు. పిమ్మట, “ఇచట బీదలెక్కడ నుండిరి?” అని యొక్కమా రడుగుడు. ఆ ప్రశ్నకు చూపుటకు ఒక్క గోడయైనను మిగిల్చిన యూరే తన చరిత్రను నిజముగా కాపాడుకొన్న యూరు.