పాలపళ్లే కదా అనుకుంటే...

మూడేళ్ల పిల్లాడు నవ్వుతుంటే ముందుపళ్లు నల్లగా, సగం అరిగిపోయి కనిపిస్తాయి. 'చాక్లెట్లు తెగ తింటాడు' అంటుంది అమ్మ. 'ఊడిపోయేవే కదా, కొత్తవి వస్తాయిలే' అంటుంది నానమ్మ. నానమ్మ మాట ముందుపళ్ల వరకూ నిజమే, అవి ఆరేడేళ్లకు ఊడిపోతాయి. కానీ నమిలే దవడపళ్లు పది, పన్నెండేళ్ల దాకా ఉండాలి. అవి మూడో ఏటే పుచ్చిపోతే? నొప్పికి భయపడి పిల్లాడు అన్నం నమలడు, మెత్తటివే అడుగుతాడు. రాత్రిళ్లు నిద్ర ఉండదు.

ఇక చాక్లెట్ల సంగతి. ఎంత తిన్నారన్న దానికన్నా ఎన్నిసార్లు తిన్నారన్నదే ముఖ్యం. తీపి తగిలిన ప్రతిసారీ నోట్లోని బ్యాక్టీరియా ఆమ్లాన్ని తయారుచేస్తుంది. దాన్ని లాలాజలం కడిగేయడానికి అరగంటో, అంతకన్నా ఎక్కువో పడుతుంది. 1940ల చివర్లో స్వీడన్‌లోని విపెహోల్మ్ ఆసుపత్రిలో మానసిక వైకల్యం ఉన్న రోగుల మీద దీన్ని పరీక్షించారు (ఇప్పుడైతే ఎవరూ ఒప్పుకోని ప్రయోగం!). భోజనంతోపాటు తీపి తిన్నవారికి పెద్దగా నష్టం జరగలేదు. మధ్యమధ్యలో పళ్లకు అతుక్కునే టాఫీలు తిన్నవారి పళ్లు మాత్రం బాగా పుచ్చిపోయాయి.

పొద్దున్నే కూలికి వెళ్లే తల్లి, ఏడవకుండా ఉంటాడని పిల్లాడి చేతిలో ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ పెడుతుంది. మధ్యాహ్నం దాకా అదే కొరుకుతుంటాడు. అపార్ట్‌మెంట్ పిల్లాడి చేతిలో జ్యూస్ సిప్పర్ ఉంటుంది. పంటికి రెండూ ఒకటే. తేడా ఆ తర్వాత వస్తుంది. ఒకరిని డెంటిస్టు దగ్గరికి తీసుకెళ్తారు, ఇంకొకరికి లవంగం పెట్టి ఊరుకుంటారు. డబ్బున్న దేశాల్లోనూ ఇంతే. 2024లో ఇంగ్లండ్‌లో అయిదేళ్ల పిల్లల్ని పరీక్షిస్తే, బాగా పేద ప్రాంతాల్లో పళ్లు పుచ్చినవారు సంపన్న ప్రాంతాలకన్నా రెట్టింపుకు పైగా ఉన్నారు.

అలాగని చేతులెత్తేయాల్సిన పనిలేదు. స్కాట్లాండ్‌లో నర్సరీల్లోనే పిల్లలతో రోజూ ఫ్లోరైడ్ పేస్టుతో పళ్లు తోమిస్తారు. అక్కడ బడిలో చేరే పిల్లల్లో పళ్లు పుచ్చనివారు 2003లో 45 శాతమే, 2020 నాటికి 70 శాతం దాటారు. మన అంగన్‌వాడీల్లో కోడిగుడ్డుతో భోజనం పెడుతున్నారు. తిన్నాక పళ్లు తోమించడం అంత కష్టమా?

ఇంట్లో అన్నిటికన్నా ముందు మానాల్సింది రాత్రి నోట్లో పాలసీసాతో నిద్రపుచ్చడం. నిద్రలో లాలాజలం తగ్గిపోయి, పాలు పళ్ల మీదే నిలిచిపోతాయి. కింది పళ్లకు నాలుక అడ్డుంటుంది కాబట్టి ముందుగా పుచ్చేది పైపళ్లే. మూడేళ్లలోపు వారికి బియ్యపు గింజంత, ఆపైన ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు. తోమాల్సింది పెద్దవాళ్లే. నల్గొండలా నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న చోట డెంటిస్టును అడిగి వాడటం మంచిది.

నెలకోసారి పిల్లల పైపెదవి ఎత్తి చూడాలి. చిగురు పక్కన పంటి మీద సుద్దలాంటి తెల్లటి గీత కనిపిస్తే పుచ్చు మొదలైనట్టే. ఆ దశలో వెళ్తే పన్ను తొలిచే పని లేకుండానే డాక్టరు దాన్ని ఆపగలరు.