విద్యార్థులును జనాభా లెక్కలును

ప్రతి ఉగాదికిని మన సంఘముల వేదికలపై కళాశాల విద్యార్థులు కనిపింతురు. కుర్చీలు సర్దుదురు, పచ్చడి పంచుదురు, నాటికలాడుదురు. మరునాటినుండి ఏడాది పొడవునా వారి జాడ ఉండదని పెద్దల ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో కొంత నిజమున్నది. కాని పండుగ పనులు తప్ప మరొక పనిని మనము వారికెన్నడైన అప్పగించితిమా? పౌరజీవితములో పాల్గొనుడని యువకులకు బోధించు ఉపన్యాసములకు కొదువ లేదు. ఏ పని, ఎచ్చట, ఎట్లు అని చెప్పువారే అరుదు. అందుచేత ఈ వారము ఒక్క పనిని గూర్చియే ప్రస్తావింపదలచితిమి.

2021లో జరుగవలసిన జనగణన ఆగిపోయినది. తదుపరి జనగణనకు మన రాష్ట్రములన్నిటను 2027 మార్చి 1వ తేదీ ప్రామాణికమని కేంద్ర ప్రభుత్వము 2025 జూన్ 16న ప్రకటించినది. 2011 లెక్కల ప్రకారము తెలుగు తమ మాతృభాషయని చెప్పినవారు తమిళనాడులో సుమారు 42 లక్షలు, కర్ణాటకములో సుమారు 36 లక్షలు. ఈ అంకెలు చాల తక్కువయని మన సభలలో వాదించు వక్తలు కలరు. వాదనవలన అంకె మారదు. లెక్కలు వ్రాయువారు గుమ్మమున నిలిచినపుడు ఇంటివారు చెప్పిన మాటయే అంకెయగును.

ఆ మాట దారి తప్పు విధము మనకు తెలియనిది కాదు. హోసూరులోనో బళ్ళారిలోనో మనవారు వచ్చిన ఉద్యోగితో ఆ రాష్ట్రభాషలో తడబాటు లేక మాటలాడుదురు. తరతరములుగా అచటివారే గదా. ఆయన అది విని, అడుగకయే ఆ భాషను వ్రాసికొని పోవచ్చును. లేదా ఇంటి యజమాని, ఎందుకు వచ్చిన చర్చయని, తానే ఆ మాట చెప్పివేయును. వసతిగృహములలో నున్న విద్యార్థుల సంగతి వేరు. లెక్కల కాలమంతయు అచటనే ఉండువారిని అచటనే లెక్కింతురు గాని ఊరిలోని తల్లిదండ్రుల ఇంట కాదు. వసతిగృహపు అధికారి అందరికిని ఒకే భాష వ్రాయించినచో అడుగువారెవరు?

మాతృభాష యనగా నేమో జనగణన నియమములలో స్పష్టముగా నున్నది. బాల్యములో తల్లి ఆ వ్యక్తితో మాటలాడిన భాషయే మాతృభాష. తల్లి శైశవముననే గతించినచో, బాల్యమున ఆ ఇంట ప్రధానముగా వాడిన భాష. ఒకే ఇంట అందరి మాతృభాషయు ఒకటే కానక్కరలేదు. చెప్పినదానిని చెప్పినట్లు వ్రాసికొనవలెనే గాని ఉద్యోగి వాదింపరాదు. మాతృభాషగాక వచ్చిన మరి రెండు భాషలను తెలుపుటకును అవకాశమున్నది. తమిళమో కన్నడమో ఒరియాయో మరాఠీయో అచట నిండు మనస్సుతో వ్రాయింపవచ్చును. అన్నము పెట్టిన నేల భాషను కాదనుమని మేము చెప్పుటలేదు.

ఈ నిర్వచనము మనకు చేదుగా తగులు చోటొకటి కలదు. అవ్వకు తెలుగు తప్ప రాదు. తల్లి మాత్రము బిడ్డను పెంచినది తమిళములో. అట్టి విద్యార్థి తన పేరున తెలుగని వ్రాయించుట నియమమునకు విరుద్ధము, అసత్యము. సంఖ్య కొరకు అసత్యము చెప్పుమని ఈ పత్రిక ఎన్నటికిని చెప్పదు. అవ్వ పేరున తెలుగు, మనుమని పేరున తమిళము వ్రాయబడుగాక. అట్టి ఇండ్లు ఎన్ని ఉన్నవో తెలియుటయు మన సంఘములకు అవసరమే.

అంకెతో పని యేమని కొందరందురు. భాషా అల్పసంఖ్యాకులకు 1956 నాటి ఒడంబడికలును, ఆ పిమ్మటి ముఖ్యమంత్రుల సమావేశ నిర్ణయములును కొన్ని రక్షణలు కల్పించినవి. జిల్లాలోగాని అంతకు చిన్న ప్రాంతములోగాని ఒక భాషవారు 15 శాతమున్నచో, ముఖ్యమైన ప్రకటనలు, నిబంధనలు ఆ భాషలో వెలువడవలెను. తరగతిలో 10 మంది, లేదా పాఠశాలలో 40 మంది పిల్లలున్నచో ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించు ఉపాధ్యాయుని నియమింపవలెను. రాజ్యాంగములోని 350ఎ అధికరణము చెప్పునదియు ప్రాథమిక విద్యను గూర్చియే. వీని అమలును విచారించు ప్రత్యేకాధికారికి 350బి అధికరణము ఆధారము. ఇవన్నియు కాగితముపై నున్నవే, అమలు కుంటుచున్నదనుటయు నిజమే. కాని 15 శాతమున్నారని ఏ లెక్కతో నిరూపింతుము? జనాభా లెక్కలతోనే గదా.

ఇక విద్యార్థుల పని. పైని నిర్వచనమును రెండు భాషలలో అరపుటలో అచ్చువేయించి, ఆదివారములందు తమ వీధిలోని తెలుగు ఇండ్లకు పోయి చదివి వినిపింపవలెను. ముఖ్యముగా చదువురాని వృద్ధులకు. షోలాపురపు నేతవాడలలోను బరంపురపు పాత వీధులలోను అట్టివారు ఎందరో కలరు. ఈసారి ఎవరి వివరములు వారే నమోదు చేసికొను సదుపాయము కూడ ప్రకటింపబడినది. చేతి ఫోనులో దానిని పూర్తిచేయుట మన పెద్దలకంటె మనుమలకే సులభము. ఉద్యోగితో తగవులాడరాదు. ఆయన చాల సందర్భములలో ఆ ఊరి బడిపంతులే. మాతృభాష గడి నింపినపుడు ఏమి వ్రాసినారో మర్యాదగా అడిగిన చాలును.

ఓటరు జాబితాలో పేరు చేర్చుకొనుట వారికి చెప్పనక్కరలేదనుకొందుము. 2022 నుండి ఏడాదికి నాలుగు అర్హతా తేదీలున్నవి, 17 ఏండ్లకే ముందుగా దరఖాస్తు చేయవచ్చును. ఊరి తెలుగు పాఠశాలలో ఉపాధ్యాయుని స్థానము ఖాళీగా నున్నచో, 2005 నాటి సమాచారహక్కు చట్టము క్రింద ఒక్క దరఖాస్తు పెట్టి ఎప్పటినుండి ఖాళీయో వ్రాతపూర్వకముగా తెలిసికొనవచ్చును. సాధారణముగా 30 దినములలో సమాధానమీయవలెనని చట్టము.

సంఘముల కార్యదర్శులకొక మనవి. ఈ ఏటి విద్యార్థి విభాగపు నిధిలో నాటికకు కేటాయించిన దానినుండి అచ్చుకూలికి కావలసినంత వేరుచేసి, ఏ వీధి ఎవరిదో పేర్లతో పట్టిక వ్రాసి ఉంచుడు. వసతిగృహములలో నున్న పిల్లల పేర్లును ఆ పట్టికలో వేరుగా చేర్చుడు. వారిని మనము సాధారణముగా మరచిపోవుదుము.