దేవుడు అలిగిండని చెప్పేదెవరు?

దసరా సెలవులకి మా తమ్ముడి కూతురు ఆదిలాబాద్ నుంచి కరీంనగర్‌కి, మా ఇంటికి వచ్చింది. దానికి పదమూడేళ్లు, మా వాడికి పదహారు. వాడి దోస్తులు ఇద్దరు కూడా కలిశారు. నలుగురూ హాల్లో చాప పరిచి, కాగితాలు, పెన్సిళ్లు ముందేసుకుని డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట మొదలుపెట్టారు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. ఇందులో ఒకరు కథ నడిపిస్తారు, వాళ్లని డంజన్ మాస్టర్ అంటారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర అయిపోయి "నేనైతే ఇప్పుడు ఇట్ల చేస్తా" అంటారు. అనుకున్నది జరిగిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. మా మేనకోడలు క్లెరిక్ అయింది. అంటే ఒక దేవతని కొలిచే పూజారిణి అన్నమాట. గాయాలు మాన్పడం, వెలుగు పుట్టించడం లాంటి శక్తులన్నీ ఆమెకి ఆ దేవతే ఇస్తుంది. మా వాడు డంజన్ మాస్టర్.

మూడో రోజు సాయంత్రం చాయ్ ఇద్దామని వెళ్తే పిల్ల పాచిక చేతిలో పట్టుకుని మూలకి కూర్చుంది. అందరి వంతులూ వస్తున్నాయి, దాని వంతు మాత్రం దాటిపోతోంది.

"ఏందిరా, పిల్ల ఊకె కూసున్నది?" అన్నాను.

"దాని దేవత అలిగింది మమ్మీ. శక్తులన్నీ పోయినయ్. దొంగను పట్టుకుని ఇడిచిపెట్టింది. ఆమె న్యాయదేవత, కోపం రాదా మరి? రూల్ అది."

"వాడు చిన్న పోరడు అత్తా. ఆకలైతుందని రొట్టె ఎత్తుకపోయిండు. ఇడిచిపెడితే దేవత అలుగుతదని బావ ముందుగాల చెప్పనే లేదు," అంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

ఆటలో కన్నీళ్లేంటని మీకు నవ్వు రావచ్చు. నాకు రాలేదు. ఎందుకో చెప్తాను.

పద్దెనిమిదేళ్ల కింద నాకు మొదటి కడుపు మూడో నెలలో పోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి పడుకుని ఉంటే పక్క గదిలోంచి మాటలు వినబడ్డాయి. "రాజన్నకు కోడె మొక్కు బాకీ పడ్డది. దేవుడు ఊకుంటడా? కోడలికన్నా గుర్తుండాలె గద." ఆ మొక్కు నా పెళ్లికి ముందు, మా ఆయన ఉద్యోగం కోసం మొక్కుకున్నది. వేములవాడ పోయి కోడెను గుడి చుట్టూ తిప్పి కట్టేయాలన్న సంగతి నాకు ఒక్కరూ చెప్పలేదు. మొక్కింది నేను కాదు, మరిచింది నేను కాదు. శిక్ష మాత్రం నా కడుపుకి పడిందన్నారు. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో చాలావాటికి పిండంలోని క్రోమోజోముల తేడాలే కారణమని, తల్లి చేసిన తప్పేమీ కాదని డాక్టరమ్మ చెప్పింది. అయినా ఆ తర్వాత ఏడాది పాటు దీపం ముట్టించినప్పుడల్లా నా చెయ్యి వణికేది.

అందుకే ఆ రోజు మా వాడితో పోట్లాటకి దిగాను. "రూల్ అన్నవ్ గద, ఏడున్నదో సూపెట్టు," అన్నాను. పుస్తకాలు, నెట్ అన్నీ తిరగేశాం.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు ఈ ఆటని 1974లో బయటకి తెచ్చారు. 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో నియమం కఠినంగానే ఉంది. పాలడిన్ అనే ధర్మవీరుడు తెలిసి, కావాలని చెడ్డపని చేస్తే ఆ హోదా ఇక తిరిగి రాదు. కానీ చూడండి, అక్కడా "తెలిసి, కావాలని" అనే మాట పెట్టారు. 2000లో వచ్చిన మూడో కూర్పులో దేవుడి కట్టుబాటుని ఘోరంగా మీరిన క్లెరిక్‌కి శక్తులన్నీ పోతాయి. అయితే ప్రాయశ్చిత్తం చేసుకుంటే తిరిగొస్తాయి. ఇక మా పిల్లలు ఆడుతున్నది 2014 నాటి ఐదో కూర్పు. అందులో క్లెరిక్ శక్తులు అలా ఊడిపోవాలన్న నియమమే లేదు. కథ నడిపేవాడి ఇష్టానికి వదిలేశారు.

అంటే రూల్ అని వాడు చెప్పింది వాడి నిర్ణయమే. నాకు మన ఇళ్లలో వినబడే "శాస్త్రం అట్లున్నది" గుర్తొచ్చింది. ఏ శాస్త్రం అని అడిగితే పుస్తకం తెచ్చి చూపించినవాళ్లని నేనింతవరకు చూడలేదు.

"భయం లేకుంటే భక్తి ఎట్లుంటది?" అని మా పెద్దవాళ్లు అంటారు. సరే, మనందరం ఇళ్లలో చేసుకునే సత్యనారాయణ వ్రత కథనే తీసుకోండి. భయం పెట్టే కథే అది. సంతానం కలిగితే వ్రతం చేస్తానన్న షావుకారు, కూతురు పుట్టాక దాని పెళ్లికి చేస్తానన్నాడు. పెళ్లయ్యాక మరిచాడు. అల్లుడితో సహా చెరసాల పాలయ్యాడు. ఇంట్లో ఉన్న తల్లీకూతుళ్లని దొంగలు దోచుకున్నారు. మాట తప్పింది మగాడైతే, ఆకలికి ఇల్లిల్లూ తిరిగింది కళావతి. తర్వాత భర్త వచ్చాడన్న సంతోషంలో ప్రసాదం తీసుకోకుండా పరుగెత్తింది కూడా ఆమే. పడవ మునిగింది. చిన్నప్పటి నుంచీ ఆ చోట నాకు కళావతి మీద జాలే తప్ప కోపం రాలేదు.

అయినా ఆ కథలో ఒక మంచి ఉంది. దారి ఎప్పుడూ మూసుకుపోదు. కళావతి వెనక్కి వెళ్లి ప్రసాదం తీసుకోగానే పడవ తేలింది, భర్త దక్కాడు. దేవుడు పాత లెక్కలు తీయలేదు. మన ఇళ్లలోనే, వేములవాడ పోయి మొక్కు చెల్లించి వచ్చాక కూడా, పదేళ్లయినా ఆ మాట ఎత్తుతూనే ఉంటారు.

మా పుట్టింటి వైపు, ఇంద్రవెల్లి దగ్గర కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకి నాగోబా జాతర జరుగుతుంది. మెస్రం వంశపు గోండులు తమ ఇంటికొచ్చిన కొత్త కోడళ్లని అక్కడ దేవుడికి పరిచయం చేస్తారు. దాన్ని భేటింగ్ అంటారు. నేను ఆ వంశం దాన్ని కాను, వాళ్ల ఆచారం గురించి తీర్పు చెప్పను. కానీ కోడలికీ దేవుడికీ ముందు పరిచయం జరగాలన్న మాట నాకు నచ్చింది. నాకు మా ఇంటి మొక్కుని ఎవరూ పరిచయం చెయ్యలేదు, దాని బాకీ మాత్రం నా నెత్తినేశారు.

తప్పుకి ఫలితమే వద్దని నేను అనడం లేదు. ఏం చేసినా చెల్లిపోతే ఆటలో రుచి ఉండదు, సంసారంలో మర్యాద ఉండదు. మా వాడికి చెప్పింది మూడే ముక్కలు. దేవత ఏమడుగుతుందో ముందే చెప్పాలి. తెలిసి చేసిన తప్పుకే శిక్ష వెయ్యాలి. తిరిగొచ్చే దారి ఒకటి అదే రోజు చూపించాలి. ఇంకోటి కూడా అన్నాను: "దేవత అలిగింది అంటున్నవ్ గానీ, ఆమె నోరు నీదేరా. అలిగింది నువ్వు."

వాడు చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు పొద్దున ఆటలో దేవత పిల్ల కలలోకి వచ్చి, ఎందుకు విడిచిపెట్టావని అడిగింది. ఆకలేసినోనికి రొట్టె ఇయ్యకపోవుడు ఏం న్యాయమని ఇది ఎదురడిగింది. సగం శక్తులు తిరిగొచ్చాయి, మిగతా సగానికి ఏదో పని అప్పజెప్పాడు. సగమే ఎందుకని వాళ్లిద్దరూ ఇంకా కొట్లాడుకుంటున్నారు. కొట్లాడుకోనివ్వండి, వంతైతే వచ్చింది.

ఇక మనం. మీ ఇంట్లో కోడలికి ఒంట్లో బాగుండకపోయినా, బిడ్డకి మార్కులు తగ్గినా "దేవునికి కోపమొచ్చింది" అని ఎవరైనా అంటే ఊరుకోకండి. ఆ మొక్కు ఎవరిది, ఆ పిల్లకి ముందు చెప్పారా, ఇప్పుడు ఏం చేస్తే తీరుతుంది అని అడగండి. జవాబు రాకపోతే ఆ కోపం దేవుడిది కాదు. ఎవరిదో ఆ గదిలో ఉన్న అందరికీ తెలుసు.