ఎవరు తవ్వాలన్నదే మా లొల్లి

2021 డిసెంబరులో మూడు రోజులు సింగరేణి బొగ్గు గనులు ఆగాయి. శ్రావణపల్లి, కళ్యాణిఖని, కోయగూడెం, సత్తుపల్లి బొగ్గు బ్లాకులను కేంద్రం వేలానికి పెట్టిందని కార్మిక సంఘాలవాళ్లమంతా ఒక్కటై సమ్మెకు దిగాం. న్యాయమైన సమ్మె. 2024లో శ్రావణపల్లి మళ్లీ వేలానికొస్తే మళ్లీ అదే మాట అన్నాం: తవ్వాల్సింది సింగరేణి, ప్రైవేటు కాదు. ఎన్నాళ్లు తవ్వుదాం, ఆ తర్వాత పిల్లల సంగతేంటి అని ఎవరం అడగలేదు. 2070కల్లా నికర సున్నా ఉద్గారాలని గ్లాస్గోలో ప్రధాని ప్రకటించి 2021 సమ్మె నాటికి నెల దాటిందంతే. ఆ మాటకూ మా సమ్మెకూ సంబంధం ఉందని మాకు తోచనే లేదు.

బొగ్గు అయిపోతే ఏమవుతుందో తెలియకనా? బెల్లంపల్లి కళ్ల ముందే ఉంది. బొగ్గు బాయిలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, జనం తరలిపోయారు, ఊరు చిక్కిపోయింది. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఇప్పుడు దాదాపు 40 వేలు. ఆ కొలువులు తీసింది సోలార్ పలకలు కాదు, ఓపెన్‌కాస్టుల్లోకి దిగిన షావెళ్లూ డంపర్లూ. అయినా ఎన్నికలొస్తే వారసత్వ ఉద్యోగాలే అడిగాం. కొడుక్కి బాయి పని తప్ప మరొకటి కోరడం మాకు చేతకాలేదు. మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటితే షిఫ్టు వేళలు మార్చమంటాం, మజ్జిగ ప్యాకెట్లు ఇమ్మంటాం. ఆ ఎండలో మా బొగ్గు వాటా ఎంతో మాట్లాడుకోం. ఎవరైనా ఎత్తితే అమెరికా, ఐరోపా కాల్చిన లెక్క చూపి తప్పుకుంటాం. ఆ లెక్క నిజమే, అందుకే మాకు అంత అక్కరకొచ్చింది.

రాష్ట్ర విభజన చట్టంలో 4,000 మెగావాట్ల ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం రాయించుకున్నాం. కరెంటు కోతలకు ఎండిన పొలాలు చూసినవాళ్లం, అడగడంలో తప్పు పట్టను. రామగుండంలో 1,600 మెగావాట్లు వచ్చాయి, మిగతా 2,400 ఏవని నిలదీస్తున్నాం. అక్కడి 1971 నాటి బి-థర్మల్ కేంద్రం 2024లో మూతపడితే అదే చోట 800 మెగావాట్లది కట్టమన్నాం. 2022 నుంచి రామగుండం రిజర్వాయరు నీళ్ల మీద 100 మెగావాట్ల సోలార్ తేలుతోంది. చుట్టాలొస్తే చూపించడానికి బాగుంటుంది.

పొద్దుగూకాక సోలార్ పనికిరాదంటాం, సరే. పగటి కరెంటును రాత్రికి దాచే పంప్డ్ స్టోరేజీని మేడిపల్లి ఓపెన్‌కాస్టు గుంతలో పెట్టాలని సింగరేణే ప్రతిపాదించింది. దానికోసం ఒక్క ధర్నా చేశామా? దసరా లాభాల వాటాలో ఒక్క శాతం పెంచాలంటే మాత్రం గేటు మీటింగులకు కొదవ లేదు.

2025 ఏప్రిల్‌లో ఒడిశాలోని నైనీ బొగ్గు బ్లాకులో సింగరేణి తవ్వకం మొదలుపెట్టింది. సంబరపడ్డాం. తవ్వేది మన సింగరేణే కదా, ఇక అడిగేదేముంది? ఓపెన్‌కాస్టులకు ఊళ్లు పోగొట్టుకున్న బాధ తెలిసినవాళ్లమై ఉండి కూడా, నైనీ పక్కన ఏ ఊళ్లున్నాయో మేం కనుక్కోలేదు.