టీసీ ఇచ్చాక కూడా వాళ్లు మన పిల్లలే

కాలేజీలు తెరిచి మూడు నెలలు దాటింది. మన బడుల్లో చదివి పై చదువులకు వెళ్లిన పిల్లలు దసరా సెలవులకు ఇళ్లకు చేరుతున్నారు. హోసూరు, కృష్ణగిరి పల్లెల నుంచి సేలానికి, కోయంబత్తూరుకు వెళ్లినవాళ్లున్నారు. బరంపురం నుంచి భువనేశ్వర్‌కు, సోలాపూర్ నుంచి పుణెకు, యానాం నుంచి పుదుచ్చేరికి వెళ్లినవాళ్లున్నారు. పిల్లవాడు సంచి దించగానే ఇంట్లో అందరూ అడిగే మాట ఒకటే: "చదువు ఎట్లా సాగుతోంది?" వాడు చెప్పే జవాబూ ఒకటే: "బాగానే ఉంది." దాంతో మనం తృప్తి పడిపోతాం. నిజంగానే బాగుంటే అంతకంటే కావలసిందేముంది? కానీ మొదటి సెమిస్టర్‌లో ఉన్న పిల్లలు చాలామంది ఆ మాటను అమ్మానాన్నల మనసు నొప్పించకూడదని చెబుతారు.

ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. కొన్నేళ్ల కిందట ప్లస్ టూ దాకా తెలుగు మాధ్యమంలో చదివిన మా బడి పిల్లవాడు ఒకడు వేరే ఊళ్లో బీఎస్సీ ఫిజిక్స్‌లో చేరాడు. లెక్కల్లోనూ భౌతికశాస్త్రంలోనూ చురుకైనవాడు. నవంబరులో ఇంటికొచ్చి ఇక వెళ్లనన్నాడు. కౌలు భూమిలో రోజాలు పండించే వాళ్ల నాన్న వాణ్ని వెంటబెట్టుకుని నా దగ్గరికి తీసుకొచ్చాడు. "మీరైనా చెప్పండి టీచర్, మీ మాటయితే వింటాడు" అన్నాడు. నేను చెప్పింది అందరూ చెప్పేదే. "కష్టపడాలి నాయనా. నీతోటి వాళ్లంతా చదవడం లేదా?" అన్నాను. వాడు తల వంచుకుని విన్నాడు. నా మీద గౌరవంతో తిరిగి వెళ్లాడు. రెండు నెలలకు చదువు మానేసి వచ్చేశాడు.

చాలా రోజుల తర్వాత, హోసూరులో ఒక కంపెనీలో పనికి కుదిరాక, వాడే వచ్చి అసలు సంగతి చెప్పాడు. క్లాసులో లెక్చరర్ 'మూమెంట్ ఆఫ్ ఇనర్షియా' అని బోర్డు మీద రాసి తమిళంలో వివరించేవారట. తమిళంలో దాన్ని 'నిలైమ తిరుప్పుత్తిరన్' అంటారు. మనవాడికి బజారు తమిళం వచ్చు, భాషా పాఠంగా నేర్చుకున్న తమిళమూ వచ్చు. భౌతికశాస్త్రపు తమిళం రాదు. బోర్డు మీద ఉన్నది తాను పరీక్షలో పూర్తి మార్కులు తెచ్చుకున్న జడత్వ భ్రామకమేనని గుర్తుపట్టేసరికి పాఠం ముందుకు వెళ్లిపోయింది. అడగడానికి సిగ్గు. అడగకపోతే భయం. ఆదివారం సాయంత్రమయ్యేసరికి కడుపునొప్పి. రాత్రి నిద్ర ఉండేది కాదు, పొద్దున క్లాసుకు పోబుద్ధయ్యేది కాదు. "నాకు ఫిజిక్స్ రాదేమో, ఇన్నేళ్లూ బడిలో మీరంతా ఊరికే మెచ్చుకున్నారేమో అనుకున్నాను టీచర్" అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు.

కాలేజీ పిల్లల ఒత్తిడి గురించి పత్రికల్లో సలహాలు చాలానే వస్తుంటాయి. వేళకు నిద్రపోవాలి, వ్యాయామం చేయాలి, టైం టేబుల్ వేసుకోవాలి, ఫోను తగ్గించాలి అంటారు. అన్నీ మంచివే. పద్దెనిమిదేళ్ల వయసులో రోజుకు కనీసం ఏడు గంటల నిద్ర అవసరం. పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే కాబట్టి, పరీక్ష ముందు రాత్రంతా మేలుకోవడం వల్ల లాభం కంటే నష్టమే ఎక్కువ. కొద్దిపాటి ఒత్తిడి మనిషికి మేలే చేస్తుంది. పరీక్ష దగ్గరపడినప్పుడు గుండె కాస్త వేగంగా కొట్టుకుని శ్రద్ధ పెరుగుతుంది, పరీక్ష అయ్యాక తగ్గిపోతుంది. తగ్గే దారి లేక వారాల తరబడి అట్లాగే ఉండిపోయినప్పుడే నిద్ర, ఆకలి, జ్ఞాపకశక్తి దెబ్బతింటాయి. మన పిల్లల్లో చాలామందికి ఆ దారిని మూసేస్తున్నది భాష. తెలిసిన విషయాన్నే తెలియదనుకోవడం, అడగలేకపోవడం, అడగలేదు కాబట్టి మరింత వెనకబడటం. దీనికి టైం టేబుల్ ఒక్కటే మందు కాదు.

మూడు వరుసల నోటుబుక్కు

ఇది చదివి "అయితే తెలుగు మాధ్యమంలో వేయడమే తప్పా?" అని అడిగే తల్లిదండ్రులు ఉంటారు. ఎవరైనా ఒక పిల్లవాడు కాలేజీ మానేసి వచ్చిన ఏడాది ఆ ఊళ్లో మన బడికి ప్రవేశాలు తగ్గడం ఉపాధ్యాయులందరికీ అనుభవమే. అమ్మభాషలో అర్థం చేసుకున్న విషయం గట్టిగా నిలుస్తుంది. భాషా మైనారిటీల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన అందేలా రాష్ట్రాలు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేర్చింది ఊరికే కాదు. మా పిల్లవాడికి జడత్వ భ్రామకం వచ్చు. దాని రెండో పేరు, మూడో పేరు చెప్పి పంపకపోవడం బడిగా మేం చేసిన లోపం. ఆ లోపాన్ని సరిదిద్దుకోకపోతే తల్లిదండ్రుల భయమే చివరికి నిజమవుతుంది.

సరిదిద్దడం కష్టమేమీ కాదు. ప్లస్ టూ పరీక్షలకూ కాలేజీలు తెరవడానికీ మధ్య వేసవి ఖాళీ ఉంటుంది. ఒక నోటుబుక్కులో మూడు నిలువు వరుసలు గీయించండి. మొదటి దాంట్లో తెలుగు మాట, రెండో దాంట్లో ఇంగ్లిష్ మాట తెలుగు లిపిలోనూ ఇంగ్లిష్ లిపిలోనూ, మూడో దాంట్లో ఆ రాష్ట్ర భాషలో మాట రాయించండి. అవకలనం డిఫరెన్షియేషన్ అవుతుంది, సమాకలనం ఇంటిగ్రేషన్, నిర్ధారకం డిటర్మినెంట్. రసాయనశాస్త్రంలో ఉత్ప్రేరకం కెటలిస్ట్, జీవశాస్త్రంలో ద్రవాభిసరణం ఆస్మాసిస్. కామర్స్ పిల్లలకైతే ఆవర్జా లెడ్జర్, అంకణా ట్రయల్ బ్యాలెన్స్, తరుగుదల డిప్రిసియేషన్. ఒక్కో సబ్జెక్టుకు నూటయాభై మాటలు చాలు. రోజుకు పది చొప్పున రాసినా పదిహేను రోజుల్లో పూర్తవుతుంది. తెలుగు అకాడమీ ప్రచురించిన పారిభాషిక పదకోశాలు దొరికితే పని ఇంకా తేలిక. మూడో వరుసకు పక్క సెక్షన్‌లో పాఠం చెప్పే తమిళ, కన్నడ, ఒడియా, మరాఠీ ఉపాధ్యాయులను అడగవచ్చు. ఇలాంటి పనికి వాళ్లెవరూ కాదనరు.

ఇంకో అలవాటు కూడా నేర్పి పంపాలి. అది ప్రశ్న అడగడం. క్లాసులో లేచి అడగలేని పిల్లలు, క్లాసు అయ్యాక లెక్చరర్ దగ్గరికి వెళ్లి "నేను తెలుగు మాధ్యమం నుంచి వచ్చాను, ఈ మాట ఒక్కటి అర్థం కాలేదు" అని చెప్పగలగాలి. ఆ వాక్యాన్ని ఇంగ్లిష్‌లోనూ రాష్ట్ర భాషలోనూ బడిలోనే పదిసార్లు అనిపించండి. చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, మొదటి నెలలో ఆ ఒక్క వాక్యం నోట రాకే చాలామంది వెనకబెంచీకి చేరుతున్నారు.

అరియర్ అంటే ఏడాది పోవడం కాదు

తల్లిదండ్రులకు తెలియవలసిన ముఖ్యమైన విషయం ఒకటుంది. మన కాలంలో ఫెయిలంటే ఏడాది పోవడమే. ఇప్పటి కాలేజీల్లో సెమిస్టర్ పద్ధతి. ఒక పేపరు పోతే తమిళనాడులో అరియర్ అంటారు, మరికొన్ని చోట్ల బ్యాక్‌లాగ్ అంటారు. సాధారణంగా పిల్లవాడు పై సెమిస్టర్ చదువుకుంటూనే ఆ పేపరు మళ్లీ రాసుకోవచ్చు. మొదటి సెమిస్టర్‌లో ఒకటి రెండు అరియర్లు పడి, చివరికి మంచి మార్కులతో డిగ్రీ పూర్తి చేసినవాళ్లు ఎందరో ఉన్నారు. ఈ సంగతి తెలియని ఇంట్లో అరియర్ అన్న మాట వినగానే ఇల్లంతా దుఃఖంలో మునిగిపోతుంది. అందుకే పిల్లలు దాచిపెడతారు. అలా దాచిన అరియర్లు సెమిస్టర్ సెమిస్టర్‌కూ పేరుకుపోతాయి.

అంతకంటే జాగ్రత్తగా చూడవలసింది హాజరు. చాలా విశ్వవిద్యాలయాల్లో 75 శాతం హాజరు లేకపోతే పరీక్షకే కూర్చోనివ్వరు. మార్కులు ఆ తర్వాత దిద్దుకోవచ్చు, పోయిన హాజరు తిరిగి రాదు. కాబట్టి "ఎన్ని మార్కులు?" అని అడిగే ముందు "క్లాసులకు పోబుద్ధవుతోందా?" అని అడగండి.

ఫోనులో మనం మాట్లాడే తీరు కూడా ఆలోచించాల్సిన విషయమే. "బాగా చదువు, నీ కోసం పొలం కుదువ పెట్టాం" అని వారానికోసారి గుర్తుచేయడం వల్ల పిల్లవాడు బాగా చదవడు, ఫోను ఎత్తడం మానేస్తాడు. ఇంటి పరిస్థితి పిల్లలకు చెప్పవద్దని కాదు. ఫీజు ఎంత, అప్పు ఎంత, ఎట్లా తీర్చబోతున్నాం అన్నది చేరే ముందే ఒకసారి కూర్చోబెట్టి చెప్పండి. ఆ తర్వాత ప్రతి ఫోనులోనూ ఆ లెక్క తీయకండి. మేనమామ కొడుకుతోనో పక్కింటి అమ్మాయితోనో పోల్చకండి. "ఈ రోజు ఎవరితో కలిసి తిన్నావు? అన్నం ఒంటికి పడుతోందా? రాత్రి నిద్ర పట్టిందా?" అని అడగండి. రోజూ ఒక్కడే తింటున్నాడని తెలిస్తే, మార్కుల జాబితా కంటే అది ఎక్కువ సంగతులు చెబుతుంది.

ఎప్పుడు ఆగి వినాలి

కొన్ని గుర్తులు కనబడితే తేలిగ్గా తీసుకోకూడదు. రెండు వారాలకు మించి నిద్ర, తిండి తప్పడం, కారణం తెలియని కడుపునొప్పి, తలనొప్పి, ప్రతి వారం ఇంటికి పరుగెత్తుకు రావడం లేదా అసలు రాకపోవడం, ఇష్టమైన ఆటపాటలు మానేయడం, "నా వల్ల మీకు భారం" అనే ధోరణిలో మాట్లాడటం. అప్పుడు ఉపదేశం ఆపి వినాలి. బతకాలని లేదన్న ఆలోచన వస్తోందా అని నెమ్మదిగా, సూటిగా అడగడానికి భయపడవద్దు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఎవరో ఒకరు అడిగారన్న ఊరట దొరుకుతుంది. అవునంటే ఒంటరిగా వదలకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాలి.

సాయం మన భాషలోనే దొరుకుతుంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. భాష ఎంచుకునే వీలుంది, తెలుగు కూడా ఉంది. పరాయి రాష్ట్రంలో హాస్టల్ గదిలో ఉన్న మన పిల్లవాడికి ఇది చాలా పెద్ద ఊరట. కాలేజీ బాధ్యత కూడా ఉంది. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం వంద మంది, ఆపై విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హులైన కౌన్సెలర్‌నో, మనస్తత్వ నిపుణుణ్నో, సామాజిక కార్యకర్తనో నియమించాలి. చేర్పించడానికి వెళ్లినప్పుడు బస్సు ఫీజు, హాస్టల్ ఫీజు అడిగినట్టే, కౌన్సెలర్ ఎవరు, ఏ గదిలో ఉంటారు అని కూడా అడగండి.

యాసను వెక్కిరించడం, భాషను బట్టి పేర్లు పెట్టి పిలవడం మన పిల్లలు మౌనంగా భరించే మరో బాధ. "అన్నీ తమాషాకే" అని సర్దుకుపోతుంటారు. భాష, ప్రాంతం ఆధారంగా తోటి విద్యార్థిని వేధించడం, వెలివేయడం కూడా ర్యాగింగ్ కిందికే వస్తుందని యూజీసీ 2016లో తన నిబంధనలను సవరించి స్పష్టం చేసింది. ర్యాగింగ్ నిరోధక నంబరు 1800-180-5522. ఈ నంబరు, టెలీ మానస్ నంబరు రెండూ మూడు వరుసల నోటుబుక్కు మొదటి పేజీలో రాసి పంపండి.

చివరగా సాటి ఉపాధ్యాయులకు ఒక మాట. ఖాళీ పోస్టులు, పుస్తకాల ఆలస్యం, రోజుకో కొత్త రిజిస్టరు, వీటి మధ్య ఇది అదనపు భారమని మీరనవచ్చు. నిజమే. కానీ ఒక బడి నుంచి ఏటా ముప్పై మంది బయటికి వెళితే, పది మంది ఉపాధ్యాయులకు తలా ముగ్గురు వస్తారు. ఆగస్టులో ఒకసారి, అక్టోబరులో ఒకసారి ఫోను చేస్తే చాలు. మా బడిలో టీసీ రిజిస్టరు పక్కనే ఇప్పుడు ఒక చిన్న పుస్తకం పెట్టుకున్నాం. అందులో పిల్లవాడి పేరు, కాలేజీ, ఫోను నంబరు, అదే కాలేజీలో మన బడి నుంచి వెళ్లిన సీనియర్ పేరు రాసుకుంటాం. కిందటేడు అక్టోబరులో ఒకమ్మాయి ఫోనులో ఏడ్చేసింది. మర్నాడు సీనియర్ అమ్మాయి వెళ్లి పక్కన కూర్చుంది. ఆ అమ్మాయికి రెండు అరియర్లు పడ్డాయి, ఏప్రిల్‌లో రెండూ రాసి పాసయింది. ఇప్పుడు రెండో ఏడు చదువుతోంది.

ఈ దసరా సెలవుల్లో మీ ఊరికొచ్చిన పాత విద్యార్థులను ఒక పూట బడికి పిలవండి. ప్రసంగాలు అక్కర్లేదు, టీ, మురుకులు చాలు. ఈసారి "ఎట్లా చదువుతున్నావు?" అని కాక "అక్కడ నీకు ఏది కష్టంగా ఉంది?" అని అడగండి. జవాబు చెప్పడానికి వాళ్లకు కాస్త సమయం పడుతుంది. అంతవరకూ ఓపిగ్గా కూర్చోండి.