మా ఇంటి దప్పళం

దప్పళం చెయ్యడం కూడా ఒక విద్యేనా అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. నాలుగు రకాల ముక్కలు, కాస్త చింతపండు రసం, ఉప్పూ, పసుపూ. ఇందులో తెలియకపోవడానికి ఏముంది? ఏముందో 1974 సంక్రాంతినాడు తెలిసింది.

నేను కాపురానికి వచ్చి అప్పటికి ఆరు నెలలు. మా ఆడపడుచు పెళ్ళయ్యాక వచ్చిన మొదటి పండుగ. కొత్త అల్లుడుగారితోపాటు వియ్యపురాలుగారూ దయచేశారు. మా అత్తగారు ఒక పొయ్యి దగ్గర బూరెలు వేస్తూ, "దప్పళం నువ్వు చూడమ్మాయ్" అన్నారు. నా పనితనం చూపించుకోవడానికి ఇంతకంటె మంచి అదను దొరకదనుకున్నాను. రాచ్చిప్ప రెండో పొయ్యి మీద పెట్టి, చింతపండు రసం పోసి, ముక్కలన్నీ ఒక్కసారే అందులో వేసేశాను.

గంట గడిచింది. పులుసు కుతకుత ఉడుకుతోంది. చిలగడదుంప మాత్రం గరిటెతో నొక్కితే దిగడం లేదు. ఆనపకాయ ముక్క సైతం బిగుసుకు కూర్చుంది. అవతల వసారాలో విస్తళ్ళు వేసేశారు. "ఇంకా ఎంతసేపు?" అని మామగారి కేక. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

అత్తగారు వచ్చి ఒక ముక్క నొక్కి చూశారు. ఒక్క మాట అనలేదు. పులుసును వేరే గిన్నెలోకి వంచి, పక్కన మరుగుతున్న నీళ్ళు ముక్కల మీద పోసి మూతపెట్టారు. తర్వాత గుమ్మం దాకా వెళ్ళి, "కట్టెలు తడిసిపోయాయి, మంట అందుకోలేదు. మరో అరగంట పడుతుంది" అని చెప్పి వచ్చారు. ఆ కట్టెలు నెల రోజులపాటు పెరట్లో ఎండినవని ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ రాత్రి అంట్లు సర్దుతుంటే అన్నారు: "పులుపు తగిలితే ముక్క ఉడకదమ్మాయ్. ముందు ముక్క, తర్వాత పులుపు." అంతే. కూరగాయలను గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థం పులుపులో త్వరగా కరగదని చాలా ఏళ్ళకు నేనొక పుస్తకంలో చదివాను. ఆవిడ ఏ పుస్తకమూ చదవకుండానే ఆ మాట చెప్పారు.

ఇక చేసే పద్ధతి. నలుగురికి ముక్కలన్నీ కలిపి ముప్పావు కిలో చాలు. ముందుగా చిలగడదుంప, ములక్కాడ ముక్కలు నీళ్ళలో పసుపు వేసి ఉడకనివ్వాలి. అవి సగం ఉడికాక ఆనపకాయ, వంకాయ, ఉల్లిపాయ, నిలువునా చీల్చిన పచ్చిమిర్చి. అన్నిటి తర్వాత తీపి గుమ్మడికాయ. అది ఇట్టే మెత్తబడిపోతుంది కనుక తొక్క తియ్యకుండా, ముక్క పెద్దదిగా ఉండాలి. ముక్కలన్నీ ఉడికాయని నిశ్చయం చేసుకున్నాకనే నిమ్మకాయంత చింతపండు రసం, ఉప్పు, కారం, ఉసిరికాయంత బెల్లం. నూనెలో వేయించిన బెండకాయ ముక్కలు ఇప్పుడు వేస్తే జిగురు రాదు. రెండు చెంచాల బియ్యప్పిండి చన్నీళ్ళలో కలిపి పోసి, చిక్కబడేదాకా తిప్పాలి. చివర ఆవాలు, మెంతులు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపు. ముద్దపప్పూ నెయ్యీ తోడుంటే ఇక వేరే కూర అక్కరలేదు. రాచ్చిప్ప లేకపోతే స్టీలు గిన్నె వాడండి. కళాయి లేని ఇత్తడి గిన్నెలో మాత్రం పులుసు కాయకండి, చిలుమెక్కుతుంది.

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, మొన్న సంక్రాంతికి హైదరాబాదులో మా అబ్బాయి ఇంట్లో ఉన్నాను. కోడలు తన తల్లిదండ్రులను కూడా భోజనానికి పిలిచింది. ఉద్యోగం చేసే పిల్ల, తీరిక తక్కువ. ముక్కలన్నీ ఒకేసారి కుక్కర్లో పెట్టింది. మూత తీసేసరికి గుమ్మడికాయ ఆనవాలు లేదు. మా అబ్బాయి గరిటె తిప్పి, "ఇది దప్పళమా, పాయసమా?" అన్నాడు. వియ్యపురాలుగారి ముఖం చిన్నబోయింది. కోడలు తల వంచుకుంది.

పద్ధతి చెప్పాలని మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో ఆ తడవని కట్టెలు గుర్తొచ్చాయి.

"గుమ్మడికాయ నేనే తెచ్చానురా. మరీ లేతది, కరిగిపోయింది. నోరు మూసుకుని తిను" అన్నాను.

రాత్రి వంటింట్లో కోడలు నెమ్మదిగా, "అత్తయ్యగారూ, ఆ గుమ్మడికాయ తెచ్చింది నేను కదా?" అంది.

"అవునా? అయితే రేపు ఇంకొకటి తీసుకురామ్మా. ఇద్దరం కలిసి చేద్దాం" అన్నాను.